చెఱువు చేపయు ఇనుప పెనమును



గత మాసమున మాకు వచ్చిన యుత్తరములలో నొకటి మమ్ము మొదట నవ్వించినది, పిమ్మట నాలోచింపజేసినది. క్రొత్తగా కాపురమునకు వచ్చిన యొక చెల్లెలు వ్రాసిన యుత్తరమది. ఆమె యత్తవారింట తరతరములుగా వచ్చుచున్న పోతయినుప పెనమొకటి కలదట. మొన్నటి ఆదివారమున భర్త చెఱువుగట్టునుండి యప్పుడే పట్టిన చేపలు తెచ్చెనట. ఆమె యెంతో ముచ్చటతో వేయింపబోగా ముక్కలన్నియు పెనమున కంటుకొని, తోలు పెనమునందును, కండ గరిటెయందును, ముండ్లు పళ్ళెరమునందును మిగిలినవట. "ఈ పెనమును పాత యినుప సామాను కొనువాని కిచ్చివేసి, అంటుకొనని క్రొత్తరకపు పెనము కొనవచ్చునా? అత్తగారు నొచ్చుకొందురేమో యని సంకోచముగా నున్నది" అని యామె ప్రశ్న.

అమ్మా, ఈయవద్దు. నీ పెనమునందు దోషము లేదు, చేపయందును లేదు. తడియందును తొందరయందును దోషము గలదు. ఈ మాట మేము పుస్తకము చూచి చెప్పుటలేదు. పండ్రెండేండ్ల క్రిందట మేమును నీవలెనే, అంతకంటె నెక్కువగనే, తప్పు చేసి యింటిల్లిపాది యెదుట తలవంచుకొన్నవారము. ఆ కథ చెప్పి పిమ్మట విధానము చెప్పెదము.

మాది మేడ్చలు. మావారు శామీర్‌పేట దిక్కున నొక బడిలో నుపాధ్యాయులు. ఈ రెండూళ్ళును 2016వ సంవత్సరము వఱకు రంగారెడ్డి జిల్లాలో నుండి, అప్పటినుండి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో చేరినవి. మేడ్చలు నాగపురము బాటమీదను, శామీర్‌పేట కరీంనగరము బాటమీదను ఉన్నవి. శామీర్‌పేట చెఱువు నైజాము కాలమున కట్టించినది. సికింద్రాబాదునకు ఉత్తరముగా నిరువదినాలుగు కిలోమీటర్ల దూరమున నున్నది. పట్టణమునుండి ఆదివారములందు కుటుంబములతో వచ్చువారు గట్టుమీద గాలి పీల్చుకొని పోవుదురు. మా వంటి చుట్టుప్రక్కలవారికి మాత్రము అది గాలికంటె చేపలకే జ్ఞాపకము వచ్చును. మావారు బడినుండి వచ్చునపుడు సంచిలో నేదైన బరువుగా వ్రేలాడుచుండినచో, పిల్లలు వీధిమలుపుననే పసిగట్టి ముందుగా వచ్చి చెప్పుదురు.

మృగశిర కార్తె మీ కందఱకును తెలిసినదే. జూను నెల 7వ తేదీనో 8వ తేదీనో ప్రవేశించును. ఎండలు తగ్గి తొలకరి మొదలగు ఆ దినమున తెలంగాణమునందు చేప తినువారి యిండ్లలో చేప వండక మానరు. ఆనాడు హైదరాబాదులోని ముషీరాబాదు చేపల బజారునందు కాలు పెట్టుటకు చోటుండదు. ధర యెంత చెప్పిన నంతే. మేము కాపురమునకు వచ్చిన రెండవయేట ఆ కార్తెనాడు మా అత్తగారి యన్నదమ్ము లిరువురు భోజనమునకు వచ్చుచున్నారని కబురు వచ్చినది. అత్తగారు కూతునింటికి పోయి ఆనాటి యుదయమే రావలసియుండెను. వంట మా పాలబడినది.

ముందుదినపు రాత్రి మేము చేపల పెనము తీసి చూచితిమి. మా వైపున దీనిని పెంక యందురు. కాటుకవలె నల్లగా నుండెను. పుట్టినింట మేము ఇత్తడి గిన్నెలను చింతపండుతో తోమి బంగారమువలె మెఱపించుట నేర్చినవారము. ఇంత మసి పట్టిన పెనముపై పెద్దలకు వండిపెట్టుట యెట్లని తలచి, రాత్రియంతయు చింతపండు నీట నానవేసి, తెల్లవాఱుజామున లేచి యిటుకపొడితోను ఇనుప పీచుతోను తోమి తోమి, ఆ నలుపంతయు వదలించితిమి. పెనము తెల్లబడి యుక్కువలె నగపడెను. అత్తగారు చూచి మెచ్చుకొందురని యెదురుచూచితిమి!

మధ్యాహ్నము చెఱువునుండి రెండు కిలోల రవ్వచేప వచ్చినది. కడిగి, నీరోడుచున్న ముక్కలకే మసాలా పట్టించి, బంధువులు వాకిట చెప్పులు విడుచుచుండగా, సగము కాగిన పెనముపై నాఱు ముక్కలు నొకేసారి వేసితిమి. ఇక చెప్పనేల? సోదరి యుత్తరములో వ్రాసిన దేదియో అదియే జరిగినది. గరిటెతో గీకినకొలది ముక్క ముద్దయ్యెను. కన్నులలో నీరు నిండినది. అది పొగవలననని పిల్లవానితో చెప్పితిమి.

అత్తగారు లోనికి వచ్చిరి. ఆమె చేపవంక చూడలేదు, పెనమువంక చూచిరి. ఒక్క మాట యనలేదు. మమ్ము ప్రక్కకు జరిపి, ఆ గీకుడంతయు గిన్నెలోనికి తీసి, ముండ్లేఱి, ఉల్లిపాయలు పచ్చిమిరపకాయలు తఱిగివేసి పొరటువలె వేయించి, తమ్ములకు వడ్డించిరి. వారు బాగున్నదని మఱల వేయించుకొని తినిరి. రాత్రి యందఱును పోయిన పిమ్మట ఆమె పెనమును చేతిలోనికి తీసికొని, బొటనవ్రేలితో లోపలివైపు రాచుచు మెల్లగా ననిరి: "గది మసి కాదు బిడ్డా. మా అమ్మ చేతి నలుపు."

ఆ పెనము ఆమె తల్లి యింటినుండి సారెతో వచ్చినదట. తల్లి పోయి యప్పటికి పదునెనిమిదేండ్లు. ఆమె చేతి గురుతుగా మిగిలినది ఆ పెనమొక్కటియే. దానిని మేము చింతపండుతో కడిగి వేసితిమి. తిట్టినను మా కంత బాధ కలుగకపోవును.

వారము గడచిన పిదప మావారితో చెఱువువఱకు పోయి, చేపలమ్ము నొక వృద్ధురాలికి సంగతి చెప్పుకొంటిమి. ఆమె నవ్వి, "పెంక యాడికి పోలేదమ్మా, పెంక మీది నూనె పోయింది. ఇనుము గట్టిది. మల్ల నూనె తాపు. పెంకకు నూనె తాపాలె, చేపకు నీళ్ళు మాన్పాలె, నువ్వు నిమ్మళంగుండాలె. గంతే" అని చెప్పినది. ఇన్నేండ్లలో మేము చదివినదియు, చేసి చూచినదియు ఆమె మూడు మాటలకు వ్యాఖ్యానమే. వరుసగా చెప్పెదము.

మొదటిది పెనమునకు నూనె త్రాపుట. పోతయినుమనగా కరిగించి యచ్చులో పోసిన యినుము. దానియందు నూటికి రెండు మొదలు నాలుగు పాళ్ళవఱకు బొగ్గుపదార్థము కలిసియుండును. అందుచేత నది గట్టిదేగాని పెళుసు. క్రింద పడిన పగులును, కాగియున్నపుడు చన్నీళ్ళు పోసిన బీటవాఱును. చీనావారు దీనిని రెండువేల యేండ్లకు పూర్వమే యెఱుగుదురు. ఇంగ్లాండులో అబ్రహాము డార్బీ యనునాతడు 1707లో ఇసుక యచ్చులలో ఇనుప పాత్రలు పోయు విధమునకు హక్కుపత్రము పొందిన పిమ్మట ఇవి సామాన్యుల యిండ్లకు చౌకగా చేరినవి. మన కమ్మరులు సుత్తితో సాగగొట్టి చేయు పెనము వేఱు. అది పలుచన, త్వరగా కాగి త్వరగా చల్లారును. పోతయినుము దళసరి, ఆలస్యముగా కాగును, కాగినపిమ్మట వేడిని పట్టియుంచును. చల్లని చేపముక్క పైన పడినను దాని వేడి వెంటనే దిగజాఱదు. చేప వేపుటకు దీనిని మించిన పాత్ర లేకుండుటకు కారణమిదియే.

పెనముపై నలుపు మసిగాదని చెప్పితిమి గదా! పలుచగా రాచిన నూనె యధికమైన వేడికి గాలితో కలిసి గట్టిపడి, వార్నీషువలె పొరగా నేర్పడును. తలుపులకు రాచిన యవిసెనూనె యెండి గట్టిపడుట మీరు చూచియుందురు, ఇదియు నట్టిదే. ఆ పొర యినుపరంధ్రములను కప్పి, చేపకును లోహమునకును నడుమ అడ్డుగా నిలుచును. పులుపు దానికి శత్రువు. చింతపండు, నిమ్మరసము, టొమేటో చాలసేపు నిలిచినచో పొరను కరిగించి ఇనుమును బయటపెట్టును. మేము చేసినది సరిగా నదియే.

పొర పోయినచో నిట్లు చేయవలెను. పెనమును తోమి కడిగి, పొయ్యిపైననే తడియంతయు ఆర్చవలెను. గోరువెచ్చగా నున్నపుడు వేరుశనగ నూనెగాని కుసుమ నూనెగాని నాలుగు చుక్కలు వేసి, లోపల వెలుపల పిడితో సహా రాచి, పొడి గుడ్డతో పూర్తిగా తుడిచివేయవలెను. పొరబాటున రాచితిమి, మఱల తుడిచివేయుచున్నాము అన్నట్లు తుడువవలెను. నూనె యెక్కువ మిగిలినచో జిగురై చేతికంటును. పిమ్మట మధ్యమమైన మంటపై పొగలు వచ్చి, ఆ పొగలు తగ్గువఱకు నుంచి, తనంత తాను చల్లాఱనీయవలెను. కిటికీలు తెఱచి చేయుడు. ఇట్లు దినమున కొకసారి యైదాఱు దినములు చేసిన పెనము గోధుమవన్నెనుండి నలుపునకు తిరుగును. ఆ మొదటి మాసమున చేప వేయక, పూరీలు, గారెలు, ఉల్లిపాయ వేపుళ్ళు చేయుచుండిన పొర బలపడును. మేమట్లే చేసితిమి. అత్తగారు దినమునకొకమాఱు వచ్చి చూచి పోవుచుండిరి. ఏమియు ననెడివారు కారు.

రెండవది చేప. ముందు మంచిచేప నెఱుగవలెను. కన్ను ఉబ్బి నిగనిగలాడుచుండవలెను. గుంటపడిన కన్ను పాతచేపది. చెంపయెత్తి చూచిన మొప్ప యెఱ్ఱగా నుండవలెను. వ్రేలితో నొక్కిన గుంట మఱల పైకి రావలెను. చెఱువుచేపకు కొంత నీటివాసన యుండునుగాని దుర్వాసన యుండదు. మా చెఱువులందు దొరకునవి ముఖ్యముగా రవ్వ, బొచ్చె, బంగారుతీగ, జెల్ల, చిన్న పరకలు, అదృష్టము బాగున్న కొఱ్ఱమీను. కొఱ్ఱమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చు చేప. నీటినుండి తీసినను చాలసేపు బ్రతికియుండును. అందుచేతనే దానిని తొట్టిలో ప్రాణముతో నమ్ముదురు. తెలంగాణ ప్రభుత్వము దీనినే రాష్ట్ర మత్స్యముగా నెన్నుకొన్నది. ముండ్లు తక్కువగుటచే పిల్లలకు వేయించి పెట్టుట కిదియే మేలు. రవ్వ, బొచ్చెలకు రుచి కలదుగాని కండలో చీలిక ముండ్లు పెక్కు. తోకవైపు ముక్కలను పిల్లలకు పెట్టకుడు.

ఇచ్చట నొకమాట. చెఱువులోని చేప తనంత తాను రాదు. వానకాలమున పిల్లలను విడిచి, ఎండలకు నీరు తగ్గువఱకు కాచుకొని, గంగపుత్రులు ముదిరాజులు మొదలగువారు సహకార సంఘములుగా చేరి వలలు వేసి పట్టుదురు. 2016 మొదలుగా ప్రభుత్వము చెఱువులకు చేపపిల్లలను ఉచితముగా నిచ్చు పథకమును సాగించినది. అయినను వల, తెప్ప, రాత్రి కావలి వారివే. అంగడిలో పట్టుచీరకు చెప్పిన ధర యిచ్చి వచ్చి, గట్టుమీద కూర్చున్న ముసలియామెతో పది రూపాయలకొఱకు వాదులాడుట మనకు తగదు.

అప్పుడే పట్టిన చేపయే మేలనుట నిజమేగాని, అందొక చిక్కు కలదు. చేప చచ్చిన కొంతసేపటికి కండలు బిగిసి కొయ్యవలె నగును. కొన్ని గంటలకు, మంచులో పెట్టినచో నింకను నాలస్యముగా, ఆ బిగువు సడలును. బిగువునందున్న ముక్కను పెనముపై వేసిన, తోలు ముడుచుకొని ముక్క విల్లువలె పైకి లేచును. నడుమ పచ్చిగా మిగులును. అందులకు రెండుపాయములు కలవు. తోలువైపు రెండు మూడు ఏటవాలు గాట్లు పెట్టుట యొకటి. వేసిన వెంటనే వెడల్పైన గరిటెతో అర నిమిషము మెల్లగా నొక్కిపట్టుట రెండవది. చిన్న పరకలకును, నిండుగా వేయించు జెల్లలకును గాట్లు తప్పవు. మసాలాయు లోనికి దిగును.

ఇక శుభ్రము. పొలుసు గీకి, కడుపు తీసి, లోపలి నల్లని పొరను వెన్నెముకను అంటిన రక్తమును పూర్తిగా తీయవలెను. చేదును వాసనయు అక్కడనే యుండును. కొఱ్ఱమీనుకు జిగురెక్కువ, బూడిదతోగాని గళ్ళుప్పుతోగాని రుద్దవలెను. తక్కినవానికి ఉప్పు పసుపు చాలును. మూడు నీళ్ళు కడిగిన పిమ్మట మనలో పెక్కురు మఱచు పని యొకటి కలదు: తడి యొత్తుట. ఇది క్రొత్తవారి చాదస్తము కాదు. చిన్ననాట మా తండ్రిగారు ఇంటనే మాకు భారత భాగవతములును కొంత సంస్కృతమును చెప్పిరి. ఆ యభ్యాసముచేత వంటకు సంబంధించిన ప్రాతమాట యెక్కడ కనబడినను చదువుట మాకు వాడుక. కల్యాణి చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసమునందు చేపల వేటకు ఒక ప్రకరణమును, పాకమునకు ఒక ప్రకరణమును కలవు. చేపముక్కలకు నూనెయు ఉప్పును రుద్ది, పసుపునీట కడిగి, బట్టలోనుంచి నీరు పిండి, ఆపైన సంభారములు చేర్పవలెనని యందున్నది. తొమ్మిదివందల యేండ్ల క్రిందటి రాజు బట్టతో పిండుమనిన నీటిని మేము కార్తెనాడు పిండలేదు. అంతే మా తప్పు!

నీటిని గుఱించి యింత చెప్పుటకు కారణము వినుడు. తడిముక్క పెనముపై పడగానే మొదట ఆ నీరు కాగి ఆవిరి కావలెను. అంతవఱకు చేప వేగదు, ఉడుకును. పెనపు వేడి యంతయు నీటికే వ్యయమగును. ఆ లోపల పచ్చికండ లోహమునకు పట్టుకొనును. పొడిముక్క యట్లు కాదు. తాకిన క్షణముననే పైన గట్టిపొర యేర్పడును.

ఒక కిలో ముక్కలకు మా కొలత యిది. చిన్న చెంచాతో ఉప్పు రెండు, కారము రెండు, ధనియాలపొడి ఒకటి, అల్లము వెల్లుల్లి మెత్తగా నూఱిన ముద్ద ఒకటి, పసుపు అర చెంచా, నిమ్మచెక్క సగము. నీరు చేర్పగూడదు, నూనె ఒక చెంచా చేర్పవచ్చును. ముద్ద గరుకుగా నున్నచో చేప వేగులోపల నది మాడి చేదగును. పట్టించి అరగంట యుంచిన, ఉప్పునకు మఱల కొంత నీరూఱును. దానిని పాఱబోసి, వేయుటకు ముందు బియ్యపుపిండి పెద్ద చెంచాతో రెండు పలుచగా అద్దవలెను. పిండి మిగిలిన తడిని పీల్చి, కరకరలాడు పొరయై నిలుచును.

మూడవది నిమ్మళము. పెనమును చిన్నమంటకును పెద్దమంటకును నడుమ ఏడెనిమిది నిమిషములు వట్టిగా కాగనీయవలెను. ఒక నీటిచుక్క చిలుకరించి చూడుడు. అది చుఱ్ఱుమని యింకిపోయిన చాలదు. పాదరసపు బొట్టువలె ఉండయై దొర్లిన నప్పుడు పెనము కాగినట్లు. ఆ చుక్క ఆవిరైపోయిన పిమ్మట నూనె మూడు నాలుగు పెద్ద చెంచాలు పోసి, నూనె అలలుగా మెఱయువఱకు ఆగి, ముక్కను మనవైపునుండి ఆవలివైపునకు పఱచినట్లుగా వేయవలెను. నాలుగు ముక్కలకంటె నెక్కువ వేయకుడు; క్రిక్కిఱిసిన పెనము చల్లబడును. బాట ప్రక్కన అమ్మువారు కడాయినిండ నూనెలో ముంచి వేయింతురు గనుక వారి కీ చింత లేదు. ఇంట కొద్ది నూనెతో చేయు మనకు కలదు.

వేసిన పిమ్మట కష్టమైన పని మిగిలినది: ఏమియు చేయకుండుట. గరిటెతో కదుపకుడు, ఎత్తి చూడకుడు. అంగుళమునకు కొంచెము తక్కువ దళసరి ముక్కకు నాలుగైదు నిమిషములు పట్టును. పొర సరిగా నేర్పడినపుడు చేప తానే పెనమును వదలును. అంచున గరిటె పెట్టిన కదలనిచో, అది ఇంకను వేగలేదని మనతో చెప్పుచున్నదని యెంచి యింకొక నిమిషము ఆగుడు. ఒక్కసారి మాత్రమే త్రిప్పుడు. రెండవవైపు మూడు నాలుగు నిమిషములు చాలును. వెన్నుముల్లు ప్రక్క కండ తెల్లబడి పొరలుగా విడిన వేగినట్లు. మంచినీటి చేపను సగము పచ్చిగా నెన్నడును తినగూడదు. కఱివేపాకు, చీల్చిన పచ్చిమిరపకాయలు కడపటి నిమిషమున వేయుడు. దింపిన వెనుక నిమ్మరసము పళ్ళెరములో పిండుకొనుడు, పెనముపై వద్దు.

వంట ముగిసిన పిమ్మట పెనము వెచ్చగా నున్నపుడే వేడినీటితో కడుగుడు. అంటిన పొడి యున్న గళ్ళుప్పుతో రుద్దుడు. వాసన పోవుటకు శనగపిండి మంచిది. నేటి సబ్బు కొంచెము తగిలిన పొర పోదు. రాత్రి నీటిలో నానవేసిన మాత్రము త్రుప్పు తప్పదు. కడిగిన వెంటనే పొయ్యిపై ఆర్చి, చుక్క నూనె రాచి పెట్టుడు. దోసెలకు వేఱు పెనముంచుకొన్న నింట శాంతి నిలుచును. ఉదయపు దోసెకు నిన్నటి చేపవాసన వచ్చిన శాకాహారులైన చుట్టములు మరల రారు.

సోదరి యడిగిన క్రొత్తరకపు పెనమును గుఱించి రెండు మాటలు. అంటుకొనని పూతపదార్థమును 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్టు అను రసాయనజ్ఞుడు అనుకొనకుండ కనుగొనెను. 1950 తరువాత ఫ్రాన్సుదేశమున దానిని పెనములకు పూయుట మొదలైనది. అల్పమైన మంటపై గ్రుడ్డునకో యుప్మాకో అది సౌకర్యమే. దానిని మేము నిందింపము. కాని 260 డిగ్రీలు దాటిన నా పూత చెడి, పీల్చదగని వాయువులు వెలువడును. వట్టి పెనము పెద్దమంటపై కొలది నిమిషములలో నంత కాగగలదు. చేప వేపుటకు కావలసినది గట్టి వేడి. పైగా ఆ పూత గీతలు పడి కొన్నియేండ్లకు పాఱవేయవలసినదే; ఇనుప పెనము చెడిన మఱల బాగుచేసికొనవచ్చును.

ఇనుప పాత్రలో వండిన రక్తము పట్టునని పెద్దలందురు. ఇందు నిజమెంత? 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమున 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది. సగముకంటె నెక్కువ! ఇనుప పాత్రలో తడిగా, పుల్లగా చాలసేపు ఉడికిన కూరలోనికి ఇనుము దిగుట పరీక్షలలో తేలిన మాటయే. అయితే నల్లని పొర కట్టిన పెనముపై పది నిమిషములు వేగిన చేపలోనికి దిగునది స్వల్పము. చేపయందలి మాంసకృత్తులును, దానితో తిను ఆకుకూరయు నిమ్మచెక్కయు ఎక్కువ మేలు చేయును. కనుక పెనమును మందని నమ్మి కూర్చుండకుడు. ఆయాసము, తలతిరుగుడు, పాలిపోయిన గోళ్ళు ఉన్నచో రక్తపరీక్ష చేయించుకొనుడు. అందఱకు వడ్డించి, తలకాయ ముక్కయు పులుసు అడుగును మాత్రమే తాను తినుట పతివ్రతాలక్షణమని యే శాస్త్రమునను లేదు. వేగిన మంచి ముక్క యొకటి మీ పళ్ళెమున కూడ ముందుగా పెట్టుకొనుడు.

మా పెనము మఱల నల్లబడుటకు నొక యేడు పట్టినది. మఱుసటి మృగశిరనాడు అత్తగారు తామే దానిని తీసి పొయ్యిపై పెట్టి, "చెయ్యి" అని మాత్రమనిరి. ముక్కలు తామై వదలినవి. ఆమె తమ్ములు పోయినయేటి పొరటే బాగున్నదని మమ్ము ఏడిపించిరి.

ఇప్పుడు అత్తగారికి చూపు మందగించినది. పోయిన వేసవిలో మా అమ్మాయి మొదటిసారి చేప వేయింప పూనుకొన్నది. అత్తగారు వంటయింటి గడపప్రక్క మంచముపై కూర్చుండి వినుచుండిరి. చేప వేసిన క్షణమున చిటపటలు పెద్దగా నుండును. నీరు తగ్గినకొలది ఆ చప్పుడు సన్నగిలి, సన్నని చుఱచుఱలుగా మాఱును. అమ్మాయి గరిటె యెత్తబోగా, "ఆగు బిడ్డా, ఇంక నీళ్ళ సప్పుడే ఉన్నది" అనిరి. కొంతసేపటికి, "ఇగ తిప్పు" అనిరి. త్రిప్పగా ముక్క బంగారువన్నెతో లేచినది. ఆ చప్పుడు పోల్చుట మాకు పండ్రెండేండ్లకును రాలేదు. అమ్మాయికి ఆ దినముననే వచ్చినది.

కావున, ఉత్తరము వ్రాసిన చెల్లెలా! పాత సామానువాడు వచ్చినపుడు ఆ పెనము నీయకుము. అత్తగారియొద్దకు దానిని తీసికొనిపోయి, "దీనిపై చేప అంటుకొనకుండ మీరెట్లు చేసెడివారు?" అని యడుగుము. ఆమె చెప్పునది మేము చెప్పినదానికి భిన్నముగా నున్నచో ఆమె మాటయే వినుము. ఆ పెనము ఆమెను ఎఱుగును. ఫలితము మాకు వ్రాయుము.

వచ్చు మాసమున, వానలకు మునుపు పప్పుదినుసులు పురుగు పట్టకుండ నిలువయుంచు విధమును గుఱించి ముచ్చటించుకొందము.